మెడీవల్ 2: ఇంత డబ్బు పోసి కొన్న నైట్లు ఈటెల ముందు ఎందుకు తేలిపోతున్నారు?

పర్లా_రౌతు (పర్లాకిమిడి):

అందరికీ నమస్తే. టోటల్ వార్ మెడీవల్ 2 (మధ్యయుగపు రాజ్యాలూ యుద్ధాలూ నడిపే కంప్యూటర్ గేమ్) ఆడేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త నా గోడు వినండి. 2006లో వచ్చిన గేమ్‌ని ఇంకా పట్టుకు వేలాడుతున్నాడేంటి అనుకోకండి. నాది జిరాక్స్ షాపు. పొద్దంతా ఆధార్ కార్డులూ భూమి కాగితాలూ కాపీలు తీసే కంప్యూటరే రాత్రి షట్టర్ దించాక నా యుద్ధభూమి. దాని ఓపికకి అంతకన్నా కొత్త గేమ్ ఎక్కదు.

ఫ్రాన్స్ తీసుకున్నాను. తీసుకుందే గుర్రాల కోసం. కోటలో గుర్రపుశాల పెంచుకుంటూ పెంచుకుంటూ ఫ్యూడల్ నైట్ల దాకా, అంటే ఇనుప కవచాల రౌతుల దాకా వచ్చాను. దానికోసం రోడ్లు ఆపాను, మార్కెట్లు ఆపాను, చర్చి కట్టమని పోప్ అడిగితే అదీ ఆపాను. చివరికి ఆరు యూనిట్ల నైట్లు, వాళ్ల వెనకాల నాలుగు స్పియర్ మిలీషియా (ఈటెల దళాలు), రెండు క్రాస్‌బో (అడ్డవిల్లు) దళాలు, ఒక జనరల్‌తో ఇటలీలోని మిలాన్ రాజ్యం మీదకి బయల్దేరాను. ఎదురుగా వచ్చింది ఎవరయ్యా అంటే ఇటాలియన్ స్పియర్ మిలీషియా. అంటే ఊళ్లో కొట్లు కట్టేసి ఈటె పట్టుకుని వచ్చినవాళ్లన్నమాట.

ఆరు యూనిట్లనీ ఒకేసారి సెలెక్ట్ చేసి, వాళ్ల వరుస మధ్యలో డబుల్ క్లిక్ కొట్టాను. దుమ్ము లేచింది. చూడ్డానికి బాగుంది. తీరా దగ్గరికి వెళ్లేసరికి ఒక యూనిట్ ముందు, ఒకటి వెనక, రెండు ఒకదాన్నొకటి అడ్డుకుని నిలబడ్డాయి. సగం మంది లాన్సులు (పొడుగాటి బల్లేలు) దించనే లేదు, కత్తులు దూసి ఈటెల మధ్య ఇరుక్కుపోయారు. గెలుస్తున్నామేమో అన్న ఆశతో జనరల్‌ని కూడా తోశాను. అతను పోయాడు. అతను పోగానే నా ఈటెలవాళ్లు ఇంకా శత్రువుని ముట్టుకోకుండానే పారిపోయారు.

పాతపట్నం నుంచి మా బావ వచ్చి పక్కనే కూర్చుని చూశాడు. "ఈ గుర్రాలు అమ్మేసి నువ్వూ ఆ ఈటెలే కొనుక్కో" అన్నాడు. అది ఒప్పుకోవడానికి మనసు రావట్లేదు. ఒక్కోసారి అదే యూనిట్ లాన్సులు దించి వెళ్లి గోడ కూలినట్టు కూల్చేస్తుంది, ఇంకోసారి తప్పిపోయిన పెళ్లివాళ్లలా వెళ్లి నిలబడుతుంది. తేడా ఎక్కడుంది? అసలు వీళ్లని ఎప్పుడు పంపాలి? ఆటో రిజాల్వ్ (యుద్ధాన్ని కంప్యూటర్ లెక్కకే వదిలేయడం) అని మాత్రం చెప్పకండి.


బరంపురం_బాలు (బరంపురం):

ఆటో రిజాల్వ్ 😀

సరే సరే. ఎదురుగా కొట్టకు, వెనక నుంచి కొట్టు. మిగతాది గుణుపురం మాస్టారు వచ్చి విజిలేసి చెబుతారు, ఆయనకి ఈ సబ్జెక్టు దొరికితే వదలరు.


గుణుపురం_పీఈటీ (గుణుపురం, రాయగడ జిల్లా):

వచ్చాను బాబూ బాలూ. నీకు రెండు రౌండ్లు గ్రౌండ్ చుట్టూ పరుగు.

రౌతు బాబూ, నీ పేరు బాగుంది గానీ మన పెద్దలు ఒక మాట అన్నారు, రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని. నీ గుర్రాల్లో లోపం లేదు. నువ్విచ్చిన ఆర్డర్లో ఉంది.

ముందు లాన్సు సంగతి. ఈ గేమ్‌లో నైట్‌కి రెండు ఆయుధాలు. చార్జ్‌కి లాన్స్, ఆ తర్వాత దగ్గరి కొట్లాటకి కత్తో గదో. లాన్స్ దిగాలంటే యూనిట్ వరుసగా నిలబడి ఉండాలి, ఎదురుగా తిన్నగా దారుండాలి, పరుగు అందుకోవడానికి తగినంత ఖాళీ ఉండాలి. ఇందులో ఏది తప్పినా వాడు లాన్స్ దించడు. నువ్వు డబుల్ క్లిక్ కొట్టావు కదా, అంటే మొదటి అడుగు నుంచే పరుగు. ఒక్కో గుర్రం ఒక్కో వేగంలో పోతుంది, వరుస చెదురుతుంది, దగ్గరికొచ్చేసరికి అలిసిపోతాయి కూడా. ఒక్కసారే క్లిక్ చెయ్యి. వాళ్లు నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్తారు. నీకు ప్రాణం కొట్టుకుంటుంది, "పరిగెత్తండ్రా" అనాలనిపిస్తుంది. అనకు. శత్రువు కొంత దూరంలో ఉండగా వాళ్లంతట వాళ్లే పరుగందుకుంటారు, లాన్సులన్నీ ఒకేసారి కిందికి వాలుతాయి. ఆ వాలడం కనబడిందంటే నీ పని అయినట్టే.

ఆరు యూనిట్లకీ కలిపి ఒకే టార్గెట్ ఇవ్వడం ఇంకో గొడవ. అందరూ ఒకే గుంపు మీదకి వెళ్లాలంటే పక్కవాడి దారికి అడ్డం పడక తప్పదు. ఒక్కో యూనిట్‌కి ఒక్కో టార్గెట్ ఇవ్వు, అది కూడా దానికి ఎదురుగా ఉన్నదే. మలుపు తిరిగి కొట్టాల్సి వస్తే ముందు తిరగమను, నిలబడమను, వరుస కుదిరాక అప్పుడు కొట్టమను. గేమ్ పాజ్ చేసి ఆర్డర్లు ఇవ్వొచ్చు, సిగ్గుపడాల్సింది ఏం లేదు. వరుసని రైట్ క్లిక్‌తో లాగి వెడల్పు చెయ్యి, రెండు మూడు వరుసల లోతు చాలు. ఆరు వరుసల లోతు పెడితే వెనకున్నవాడి లాన్స్ ముందున్నవాడి గుర్రం తోక దాకానే వెళ్తుంది.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు నైట్ అంటే గోడ కూల్చే వస్తువు అనుకుంటున్నావు. నేను స్కూల్లో పిల్లలకి కబడ్డీ నేర్పుతాను, నాకు ఈ గేమ్ అర్థమైంది అక్కడే. కూతకి వెళ్లినవాడు ఎంత బలంగా తాకాడన్నది కాదు, తాకి గీత దాటి వెనక్కి వచ్చాడా లేదా అన్నదే లెక్క. అవతలి కోర్టులో నిలబడి బలం చూపించబోతే ఏడుగురు పట్టుకుంటారు, వాడు ఎంతటి పహిల్వానైనా సరే. నీ నైట్ కూడా అంతే. తగిలిన ఆ మొదటి క్షణాల్లో చేసేదే వాడి సంపాదన. ఆ తర్వాత నిలబడి కత్తి తిప్పే ప్రతి నిమిషం నీ ఖజానా నుంచే పోతుంది, ముఖ్యంగా ఎదురుగా ఉన్నది ఈటె అయితే.

కాబట్టి కొట్టు, ఒక పదీ పదిహేను సెకన్లు చూడు, వాళ్లు విరగలేదా? వెనక్కి లాగెయ్. లాగేటప్పుడు మాత్రం డబుల్ క్లిక్, పరుగున రావాలి. కొందరు ఇరుక్కుని పోతారు, పోనీ. చాలినంత దూరం తెచ్చి, నిలబెట్టి, వరుస కుదిర్చి, మళ్లీ పంపు. చాలామంది మొదటి చార్జ్ దాకా బాగానే చేస్తారు. రెండోది చేయరు. నేను చూసినంతలో యుద్ధం గెలిపించేది ఆ రెండోదే, ఎందుకంటే మొదటి దెబ్బకి వాళ్ల మొరేల్ (ధైర్యం) ఊగిసలాటలో ఉంటుంది, రెండో దెబ్బకి నిలబడే ఓపిక ఉండదు.

ఎప్పుడు పంపాలంటావా, నీ ఈటెలవాళ్లు వాళ్ల ఈటెలవాళ్లతో తగులుకున్నాక. అంతకు ముందు ఒక్క గుర్రం కూడా కదలకూడదు. కాల్బలం మధ్యలో, క్రాస్‌బోలు ఆ కాల్బలం వెనక, గుర్రాలు రెండు పక్కలా బాగా ఎడంగా. శత్రువు వరుస నీ కాల్బలానికి అంటుకుపోయాక వాడు తిరగలేడు. అప్పుడు పక్క నుంచి చుట్టు తిరిగి వీపు మీద కొట్టు. ఈ గేమ్ లెక్కలో డాలు ముందు వైపునీ ఎడమ వైపునీ కాస్తుంది. వీపుకీ కుడి పక్కకీ డాలు లేదు. వెనక్కి వెళ్లడానికి టైం చాలకపోతే కనీసం వాడి కుడి చేతి వైపు వెళ్లు.

ఇక జనరల్‌ని చంపుకున్నావు. దాని గురించి ఏం చెప్పను. అతను కూడా గొప్ప నైటే, అతని అంగరక్షకులు నీ దగ్గరున్న అందరికన్నా గట్టివాళ్లు. కానీ అతను పోతే సైన్యమంతా జావగారిపోతుంది. అతన్ని పారిపోతున్నవాళ్ల వెంట పంపు, లేదా ఊగిసలాడుతున్న యూనిట్‌ని విరగ్గొట్టడానికి చివరి దెబ్బగా పంపు. నిలబడి ఉన్న ఈటెల మీదకి ఎప్పుడూ వద్దు.


సిరొంచ_గోదారి (సిరొంచ, గడ్చిరోలి జిల్లా):

మాస్టారి మాటల్లో చాలావరకు ఒప్పుకుంటాను. ఒక్కచోట మాత్రం కాదు. ఈ గేమ్‌లో నైట్ల మీద పోసే డబ్బుకి తగ్గ ఫలితం రాదని నా వాదన. నేను మిలాన్‌తోనే ఆడతాను. రౌతు తమ్ముడిని చితక్కొట్టిన ఆ స్పియర్ మిలీషియాకి నగరంలో ఉంచితే కొన్ని యూనిట్ల దాకా జీతం కూడా ఇవ్వక్కర్లేదు. వాళ్ల వెనకాల జెనోవా క్రాస్‌బో మిలీషియా. ఎదుటివాడి నైట్లు నా వరుస దాకా వచ్చేలోపే పలచబడిపోతారు. నాకు గుర్రాలంటే పారిపోయేవాళ్లని పట్టుకోవడానికి ఒకటీ రెండూ చాలు.

చరిత్ర చూడండి. 1302లో కోర్త్రే (ఇప్పటి బెల్జియంలో ఉంది) దగ్గర ఫ్రెంచి నైట్లని ఓడించింది ఫ్లాండర్స్ నేతగాళ్లూ కసాయివాళ్లూ. ఎదురుగా కాలవలూ బురద నేలా, వాటి వెనక పొడుగాటి ఈటెలూ ఇనుప మొనల దుడ్డుకర్రలూ పట్టుకుని కదలకుండా నిలబడ్డారు. యుద్ధం అయ్యాక చనిపోయిన నైట్ల బంగారు పూత ఆరెలు (గుర్రాన్ని అదిలించడానికి రౌతు మడమకి కట్టుకునే ముళ్లు) ఏరి చర్చిలో వేలాడదీశారు, అందుకే దాన్ని బంగారు ఆరెల యుద్ధం అంటారు. 1415లో అజిన్‌కోర్ట్ కూడా అదే వరస. దున్నిన పొలం, వాన పడి బురద, రెండు పక్కలా అడవి, ఎదురుగా పాతిన మొనదేలిన కర్ర మేకుల వెనక ఇంగ్లండ్ విలుకాళ్లు. గుర్రాల మీద వచ్చినవాళ్ల పని ముందే అయిపోయింది. మొన్నటి వర్షాల్లో మా ఊరి నల్లరేగడిలో బండి దించినవాడికి అది బాగా అర్థమవుతుంది.

నేను ఫోన్‌లో ఆడుతున్నాను, 2022లో ఆండ్రాయిడ్‌కి వచ్చిందే. ఈ చిన్న స్క్రీన్ మీద ఆరు గుర్రపు యూనిట్లని కొట్టి, లాగి, మళ్లీ కొట్టడం మనిషి చేసే పని కాదు. అదీ ఒక కారణమే అనుకోండి.


గుణుపురం_పీఈటీ:

గోదారి గారూ, వచ్చారా, మీ క్రాస్‌బోలతో సహా. కోర్త్రే, అజిన్‌కోర్ట్ రెండూ ఎదురుగా, అదీ బురదలో పడి కొట్టిన యుద్ధాలు. అందులో నా మాటకి బలమే గానీ మీ మాటకి ఏం లేదు. అదే ఫ్రెంచివాళ్లు 1429లో పాతే అనే ఊరి దగ్గర ఏం చేశారో చెప్పరేం? అదే ఇంగ్లండ్ విలుకాళ్లు. మేకులు పాతి సర్దుకునే లోపే ఫ్రెంచి సేనాని లా ఇర్ నడిపిన ముందు దళం వచ్చి పడింది. అంతే, విరిగిపోయారు. ఇంగ్లండ్ సేనాని టాల్బట్ దొరికిపోయాడు. పద్నాలుగేళ్లలో గుర్రాలూ మారలేదు, విల్లూ మారలేదు. వచ్చిన టైం మారింది.

ఇంకోటి చెబుతాను, నాకు ఇష్టమైనది. 1191లో అర్సూఫ్, క్రూసేడ్ యుద్ధాల్లో. ఇంగ్లండ్ రాజు రిచర్డ్ సైన్యం సముద్రం పక్కన కవాతు చేసుకుంటూ పోతోంది, సలాదిన్ రౌతులు బాణాలు వేస్తూ వెనకభాగాన్ని పీక్కు తింటున్నారు. వెనక ఉన్నవాళ్లు హాస్పిటలర్లు, అంటే సన్యాసి నైట్ల సంఘంవాళ్లు. వాళ్ల గుర్రాలు పడిపోతున్నాయి, "ఇక చార్జ్ చేస్తాం" అని మళ్లీ మళ్లీ కబురు పెడుతుంటే రిచర్డ్ ఆగండి ఆగండి అంటున్నాడు. చివరికి ఆగలేక ఆర్డర్ లేకుండానే దూకేశారు. దూకాక వాళ్లని వదిలేయలేక రిచర్డ్ మొత్తం సైన్యాన్ని వెంట పంపాడు. అది పనిచేసింది. కానీ దాని తర్వాత జరిగింది చూడండి. తరుముకుంటూ చెల్లాచెదురైపోకుండా వాళ్లని ఆపి, మళ్లీ వరుస కట్టించి, మళ్లీ కొట్టించాడు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి మనిషి నేను చెప్పిన పాఠమే చెప్పాడు, విజిల్ లేదంతే.

గేమ్‌లో కూడా ఇది పెట్టారు. కొన్ని నైట్ యూనిట్ల వివరంలో "ఆర్డర్ లేకుండా చార్జ్ చేయవచ్చు" అని ఉంటుంది చూడండి. శత్రువు మరీ దగ్గర్లో కనబడితే వాళ్లే దూకేస్తారు. అందుకే గుర్రాల్ని మొదట్లో కాల్బలానికి వెనకగా, ఎడంగా ఉంచమన్నాను. శత్రువు కంటబడకపోతే మన చెయ్యి దాటిపోవు.


సిల్క్_సిటీ_రాణి (బరంపురం):

నేను వేరే గేమ్ దాన్ని, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. మా చెల్లి ఈ చర్చ లింకు పంపింది. మీ లెక్కలు మా దగ్గర పట్టుకొచ్చి దెబ్బతినేవాళ్లు రోజూ కనబడతారు కాబట్టి రాస్తున్నాను. అక్కడ నైట్‌కి పరుగు తీసి కొట్టే దెబ్బ అంటూ ఏం లేదు. నిలబడి కొట్టినా దూసుకొచ్చి కొట్టినా ఒకటే. బర్గండీ జాతివాళ్ల కూస్టిలియే అనే రౌతుల లాంటివి ఒకటీ అరా ఉన్నాయి, అవి వేరు. నైట్‌కి 60 ఆహారం, 75 బంగారం. వాణ్ణి చంపే స్పియర్‌మ్యాన్‌కి 35 ఆహారం, 25 కట్టెలు. వాడే పెంచితే పైక్‌మ్యాన్ అవుతాడు, అప్పుడు గుర్రం మీద అదనంగా 22 దెబ్బ. బంగారం ఖర్చు పెట్టినవాడు కట్టెలు ఖర్చు పెట్టినవాడితో నిలబడి కొట్లాడితే ఎవడికి నష్టమో జిరాక్స్ షాపాయనకి నేను చెప్పక్కర్లేదు.

అందుకే అక్కడ నైట్ పని కొట్లాట కాదు, వేగం. ఆటలో కోట యుగం అనే దశలోకి రాగానే రెండు మూడు నైట్లని అవతలివాడి కట్టెలు కొట్టే చోటికి పంపు. ఈటెలు వస్తే బంగారం గని దగ్గరికి వెళ్లిపో. అక్కడికీ వస్తే పొలాల దగ్గరికి. పనివాళ్లు పని మానేసి దాక్కున్న ప్రతి క్షణం నీ లాభమే. ఎవరూ చావకపోయినా ఫర్వాలేదు. భయపడాల్సింది ఈటెలకి కాదు, దూరం నుంచి మంత్రం వేసి నీ నైట్‌ని వాడివైపు లాక్కునే మాంక్‌కి. వాణ్ణి చూడగానే ముందు వాడి పని చూడాలి, లేదా అక్కడ ఉండకూడదు.

ఒక మాట. 2022లో మన దేశపు జాతుల్ని విడదీసి ద్రావిడులు, బెంగాలీలు, గుర్జరులు అని ఇచ్చారు గానీ వాళ్లలో ఎవరికీ నైట్ ఇవ్వలేదు. ఏనుగులు ఇచ్చారు. గజపతుల రాజ్యంలో పుట్టినదాన్ని కాబట్టి నాకు అభ్యంతరం లేదు.


పర్లా_రౌతు:

మాస్టారూ, దండం. రాణక్కా, థాంక్స్, మీ గేమ్ నా కంప్యూటర్ ఎక్కుతుందేమో చూస్తాను.

ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి ఆడాను. మధ్యలో కరెంటు పోయి ఒక సేవ్ పోయింది, అది వదిలేయండి. ఈటెలవాళ్లని మధ్యలో పెట్టి, గుర్రాల్ని మూడూ మూడూగా రెండు పక్కలా వదిలాను. మిలాన్ వాళ్ల క్రాస్‌బోలు మాత్రం ప్రాణం తీశాయి, గోదారి అన్న చెప్పింది అబద్ధం కాదు. కానీ వాళ్లు క్రాస్‌బోల్ని వరుస చివరన పెట్టారు. నా కుడివైపు మూడు యూనిట్లలో ఒకదాన్ని ఒక్క క్లిక్‌తో వాళ్ల మీదకి పంపాను. నడిచారు. నడుస్తూనే ఉన్నారు. మా బావ పక్కన కూర్చుని "పెళ్లి ఊరేగింపా" అంటున్నాడు. అప్పుడు లాన్సులు దిగాయి. బావ నోరు మూతపడింది.

తర్వాత మిగతావాటిని వీపు మీదకి తిప్పాను. మొదటి దెబ్బకి విరగలేదు. వెనక్కి లాగడానికి చెయ్యి రాలేదు, గెలుస్తున్నట్టే కనబడుతుంది కదా. అయినా లాగాను. రెండోసారి కొట్టేసరికి మొత్తం వరుస ఒకదాని వెనక ఒకటి లేచిపోయింది.

ఇప్పుడు సమస్య వేరే. పైనుంచి ఇంగ్లండ్ తన కేన్ కోట నుంచి దిగుతోంది. లాంగ్‌బో (పొడుగు విల్లు) వాళ్లు మేకులు పాతుకుని కూర్చుంటున్నారు. అవి తగిలిన గుర్రం అక్కడికక్కడే పోతోంది. పాతే యుద్ధంలో లాగా ముందే వెళ్లి పడదామంటే యుద్ధం మొదలయ్యేసరికే మేకులు పాతేసి ఉంటున్నాయి!


గుణుపురం_పీఈటీ:

అవును, సైన్యాన్ని సర్దుకునేటప్పుడే పాతేస్తారు. కానీ ఒకసారి పాతాక అవి అక్కడే ఉంటాయి, విలుకాడు కదిలితే వాడితో రావు. కాబట్టి నీ పని వాణ్ణి అక్కణ్ణించి కదిలించడం. మేకులు ఉన్నది ముందువైపే కదా, నువ్వు పెద్ద చుట్టు తిరిగి పక్కకో వెనక్కో వెళ్లు. ఎడంగా వెళ్లు, నడిపించు, అలుపు బార్ చూసుకో. నువ్వు పక్కకి వచ్చేసరికి వాళ్లు నీ వైపు తిరుగుతారు, వాళ్ల ఈటెలు జరుగుతాయి, వరుస పాడవుతుంది. ఆ పాడైనచోట కొట్టు. మేకులకి మనవాడూ పరాయివాడూ తేడా లేదు, వాళ్ల గుర్రాలు వాటి మీద పడినా చస్తాయి. ఒకసారి వాళ్ల జనరల్‌ని రెచ్చగొట్టి చూడు.

ఈటెలవాళ్లు గుండ్రంగా ముడుచుకుని షిల్ట్రమ్ కట్టారంటే మాత్రం వాళ్ల జోలికి వెళ్లకు. వాళ్లు కదలరు. వాళ్లకి నీ క్రాస్‌బోలు చాలు, గుర్రాలు ఇంకెవరినైనా చూసుకుంటాయి. గుట్ట మీదకి చార్జ్ కూడా వద్దు, పైకి ఎక్కేసరికి ఊపు ఉండదు.


సిరొంచ_గోదారి:

చివరికి "నీ క్రాస్‌బోలు చాలు" అన్నారు మాస్టారు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

రౌతు తమ్ముడూ, తర్వాత తూర్పు నుంచి మంగోలులు వస్తారు. వాళ్ల గుర్రపు విలుకాళ్ల వెంట నీ నైట్లని పంపకు. దొరకరు. పరిగెత్తించి పరిగెత్తించి అలసిపోయాక నిలబెట్టి బాణాలు వేస్తారు. అప్పుడు కూడా క్రాస్‌బోలే. స్క్రీన్‌షాట్ రెండోది.


గుణుపురం_పీఈటీ:

గోదారి గారూ, మంగోలుల విషయంలో మీతో వాదించను. వాళ్లలో భారీ లాన్సర్లు కూడా ఉంటారని మాత్రం గుర్తుంచుకోండి, మీ క్రాస్‌బోల పక్కన ఈటెలు లేకపోతే మీ స్క్రీన్‌షాట్ ఎందుకూ పనికిరాదు.


పర్లా_రౌతు:

ఒక్క చివరి ప్రశ్న. మిలాన్ నగరాన్నే ముట్టడించాను. బయట సైన్యం లేదు, లోపల మాత్రం అవే ఈటెలు. మేకల మందలా వీధిలో ఇరుక్కుంటారేమోనని భయం. గేటు పగలగొట్టి నైట్లని పంపొచ్చా?


గుణుపురం_పీఈటీ:

వద్దు. వీధిలో పక్క అంటూ ఉండదు, వీపు అంటూ ఉండదు, వెనక్కి తెచ్చుకునే చోటూ ఉండదు. గోడలు ఎక్కడానికి నైట్లని గుర్రం దిగమన్నా ఒప్పుకోదు ఈ గేమ్. నీకు తొందరేం లేకపోతే నిచ్చెనలూ వద్దు, దూలమూ వద్దు. ఊరికే చుట్టుముట్టి కూర్చో. పైన ఎన్ని టర్నులు ఓర్చుకోగలరో చూపిస్తుంది. ఆ గడువు అయ్యాక ఆకలికి వాళ్లే తలుపు తీసుకుని బయటికి వస్తారు. అప్పుడు గోడ మీది బురుజుల బాణాలకి అందనంత దూరంలో గుర్రాల్ని రెండు పక్కలా నిలబెట్టి ఉంచు. గేటులోంచి వాళ్లు ఒకేసారి రాలేరు, పాములా సాగుతూ వస్తారు. సగం బయటపడి ఇంకా వరుస కట్టుకోక ముందే కొట్టు. ఒక్క క్లిక్, మర్చిపోకు. దొరికిన ఖైదీల్ని వదిలేస్తే నీ జనరల్‌కి ధర్మాత్ముడన్న పేరు పెరుగుతుంది, చంపితే భయం పెరుగుతుంది, సొమ్ము అడిగితే ఖజానాకి వస్తుంది. నీ ఖజానా సంగతి చూస్తే సొమ్మే అడుగు.


బరంపురం_బాలు:

లేదా ఆటో రిజాల్వ్ 😀